ఆంక్షలు ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరి ఖర్చుతో? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కరోనా కాలపు లాక్‌డౌన్లు, కర్ఫ్యూలు, సరిహద్దుల మూసివేతల గురించి విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ వాదన ఇళ్లలో తెగలేదని వాటిని చదివితే అర్థమవుతుంది. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, పొడవైన వాటిని కుదించి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 2020 నాటి లాక్‌డౌన్ పెట్టకపోయి ఉంటే ఊళ్లు వల్లకాడు అయ్యేవని నేనంటాను. బతుకులు పాడుచేయడం తప్ప అది సాధించింది ఏమీ లేదని మా అబ్బాయి అంటాడు. ఎవరి మాట సరైనది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, లాక్‌డౌన్ జబ్బును ఆపిందా, లేదా అన్నదే మీ ఇద్దరి తగాదా. దానికి ఆపే శక్తి ఉందని అంటువ్యాధుల శాస్త్రం ఎన్నడూ చెప్పలేదు. మనుషులు ఎడంగా ఉంటే వ్యాప్తి నెమ్మదిస్తుంది, మళ్లీ కలవడం మొదలుపెట్టగానే పుంజుకుంటుంది. ఎగువ నుంచి కృష్ణకు వరద వచ్చినప్పుడు పులిచింతలలో కొంత నీటిని పట్టి ఉంచితే ఆ నీరు మాయమైపోదు. ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలంక, రాణిగారితోట వాసులను ఖాళీ చేయించడానికి కొంత వ్యవధి మాత్రం చిక్కుతుంది. ఆ వ్యవధిలో పడవలూ పునరావాస కేంద్రాలూ సిద్ధం చేయకపోతే నీటిని పట్టి ఉంచిన ఫలితం దక్కదు. లాక్‌డౌన్‌నైనా, అది ఎంత వ్యవధి ఇచ్చింది, ఆ వ్యవధిలో ఏం పని జరిగింది, దానికి మూల్యం ఎవరు చెల్లించారు అన్న లెక్కతోనే తూచాలి.

వ్యవధి చిక్కిన మాట వాస్తవం. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రకటించేనాటికి దేశంలో నమోదైన కేసులు ఐదు వందల పైచిలుకు. 21 రోజులని మొదలైన లాక్‌డౌన్‌ను పొడిగిస్తూ పోగా అది మే 31 దాకా సాగింది. మే, జూన్ నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన తొలి జాతీయ సర్వేలో, పెద్దవారిలో 0.73 శాతం మందికే అప్పటికి వైరస్ సోకినట్టు రక్తపరీక్షలు చెప్పాయి. 2021 జూన్, జులైలలో నాలుగో సర్వే జరిగేసరికి, టీకాల వల్ల వచ్చిన రక్షణను కూడా కలుపుకొని, 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అంటే మొదటి వేసవిలో తప్పిన ముప్పు చాలా మందికి ఏడాది ఆలస్యంగా ఎదురైంది. ఆ ఏడాదిలో పరీక్షా కేంద్రాలు పెరిగాయి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క ప్రయోగశాలతో మొదలైన మన రాష్ట్రం కొద్ది నెలల్లోనే జిల్లాలన్నింటా పరీక్షలు చేసే స్థితికి వచ్చింది. రక్షణ దుస్తుల తయారీ దేశంలోనే మొదలైంది, 2021 జనవరి 16 నుంచి టీకాలు వేశారు. ఇవన్నీ మీ పక్షాన నిలిచే విషయాలు.

మీ అబ్బాయి పక్షాన నిలిచేవి కూడా తక్కువేమీ కాదు. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ స్థూల ఉత్పత్తి అంతకు ముందటి ఏడాది ఇదే కాలంతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. గుంటూరు మిర్చి యార్డు కోతల కాలంలోనే వారాల తరబడి మూతపడింది. శీతల గిడ్డంగిలో చోటు దొరికిన రైతు ఊపిరి పీల్చుకున్నాడు, దొరకని రైతు కల్లంలోనే సరుకుకు కాపలా కాశాడు. చెన్నై వైపు నుంచి ఒడిశాకు, బీహారుకు బయలుదేరిన కూలీలు మండుటెండలో తాడేపల్లి, విజయవాడల మీదుగా జాతీయ రహదారి వెంట నడిచి వెళ్లారు. వారికి దారిలో తిండి, నీరు, నీడ కల్పించాలని 2020 మే నెలలో మన హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. శ్రామిక్ రైళ్లలో మొదటిది లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మే 1న కదిలింది; అప్పటికి లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు దాటింది.

అసలు మరణాలు ఎన్ని అన్నది కూడా ఈ తగాదాలో భాగమే. 2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో సాధారణ స్థాయికి మించి 47 లక్షల మరణాలు సంభవించి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ప్రభుత్వం ఆ పద్ధతినే తప్పుపట్టింది. 2021 చివరికి అధికారిక లెక్క 4.81 లక్షలు. తర్వాత వెలువడిన జనన మరణాల నమోదు గణాంకాల ప్రకారం 2019లో నమోదైన మరణాలు సుమారు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరుగుదల ఉంటుందని ఒప్పుకున్నా, ఒక్క ఏడాదిలో 21 లక్షలు ఎక్కువ కావడానికి ఆ కారణం ఒక్కటే చాలదు. ఇంకో విషయం గమనించండి. ఐదు వందల కేసులున్నప్పుడు దేశమంతటినీ ఇళ్లలో కూర్చోబెట్టాం. ఆక్సిజన్ సిలిండరు కోసం జనం రోడ్ల మీద పరుగులు తీసిన 2021 మే నెలలో మన రాష్ట్రంలో అమలైనది మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. కఠినత్వం, ప్రమాదం ఒకదానితో ఒకటి కలిసి నడవలేదు.

స్వీడన్‌ను చూడమని కొందరు రాశారు. అక్కడ దేశమంతటినీ మూసివేయలేదు, చిన్న తరగతుల బడులు నడిచాయి, ప్రజల విచక్షణకే ఎక్కువ వదిలేశారు. 2020లో పొరుగున ఉన్న నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్‌ల కంటే అక్కడ మరణాలు బాగా ఎక్కువ. మూడేళ్లు కలిపి చూస్తే చాలా ఐరోపా దేశాల కంటే తక్కువ. ఆ దేశమే నియమించిన విచారణ కమిషన్ 2022 ఫిబ్రవరిలో, నచ్చజెప్పి చేయించడమనే దారి మొత్తమ్మీద సరైనదేనని అంటూనే, తొలి వారాల్లో మరింత త్వరగా, మరింత గట్టిగా చర్యలు తీసుకోవలసిందని తప్పుపట్టింది. ఇల్లు కదలకుండా జీతం తీసుకోగలిగిన జనం, విశాలమైన ఇళ్లు ఉన్న దేశమది. పాతగుంటూరులో ఒక్క గదిలో ఆరుగురు ఉండే ఇంటికి ఆ కొలత సరిపోదు, అలాగే మనం పెట్టిన లాక్‌డౌన్ కూడా ఆ ఇంటిని చూసి కుట్టినది కాదు.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతాను. వైరస్ గురించి ఏమీ తెలియని మొదటి మూడు వారాల మూసివేతను నేను సమర్థిస్తాను. నాలుగు గంటల గడువుతో దాన్ని అమల్లోకి తేవడాన్ని, కూలీలను ఇళ్లకు చేర్చే ఏర్పాటు లేకుండా పొడిగించుకుంటూ పోవడాన్ని సమర్థించలేను.

ప్రశ్న: మా దుకాణం నెలల తరబడి మూయించారు. అద్దె కట్టాం, బ్యాంకు వడ్డీ కట్టాం, పనివాళ్లకు జీతాలివ్వమని ఉత్తర్వు కూడా వచ్చింది. ఏ చట్టం కింద మూయించారు? నష్టపరిహారం అడిగే హక్కు మాకు లేదా?
— వస్త్ర వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: రెండు చట్టాల కింద. మొదటిది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వ్యాపించినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం హడావుడిగా చేసిన ఈ చట్టంలో మొదట ఉన్నవి నాలుగే సెక్షన్లు. వ్యాధిని అరికట్టడానికి అవసరమనుకున్న ఏ నిబంధననైనా ప్రభుత్వం పెట్టవచ్చు, మీరితే శిక్ష, అధికారులపై దావా వేయడానికి వీల్లేదు. స్థూలంగా చట్టమంతా ఇంతే. ఏ ఆంక్షకు ఎంత గడువు, ఎవరు సమీక్షించాలి, నష్టపోయినవాడికి ఏం ఇవ్వాలి అన్న ఊసే లేదు. ఆ అధికారంతో పుణేలో సైనికులు ఇళ్లలో జొరబడి సోదాలు చేస్తే జనం రగిలిపోయారు. 1897 జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. మనమున్న అప్పటి మద్రాసు రాష్ట్రంలోనూ వ్యాధి ఉన్న ప్రాంతాల నుంచి వచ్చే ప్రయాణికులకు ప్లేగు పాస్‌పోర్టులిచ్చి, కొన్ని రోజుల పాటు అధికారుల ఎదుట హాజరు కమ్మనేవారు. స్పందన వెబ్‌సైట్‌లో ఈ-పాస్ కోసం తంటాలు పడినవారికి తమ ముత్తాతలు కూడా అలాంటి పని చేశారని తెలిస్తే ఆశ్చర్యం కలగవచ్చు.

రెండోది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. తుపానులు, వరదలు, భూకంపాలను దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ చట్టం కిందే కేంద్ర హోం శాఖ దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. సహాయ కార్యక్రమాల కోసం ప్రభుత్వం మీ వాహనాన్నో భవనాన్నో స్వాధీనం చేసుకుంటే పరిహారం చెల్లించాలని ఇందులో ఉంది. దుకాణాన్ని స్వాధీనం చేసుకోకుండా మూసుకోమని మాత్రమే చెబితే చెల్లించాలని లేదు. మీకు పరిహారం రాకపోవడానికి కారణం అదే.

జీతాల సంగతికి వస్తే, పని జరగకపోయినా పూర్తి జీతం ఇవ్వాలని 2020 మార్చి 29న హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది, మే నెలలో ఉపసంహరించుకుంది. ఆ మధ్యకాలపు జీతాల విషయంలో యజమానులపై కఠిన చర్యలు వద్దని, ఉభయులూ కూర్చొని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు వాయిదాలపై రిజర్వు బ్యాంకు ఆరు నెలల విరామం ఇచ్చింది. వడ్డీ పూర్తిగా మాఫీ చేయాలన్న వినతిని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తోసిపుచ్చి, వడ్డీ మీద వడ్డీ మాత్రం ఎవరి దగ్గరా వసూలు చేయకూడదని తీర్పు ఇచ్చింది. బ్రిటన్‌లో పని ఆగిపోయిన ఉద్యోగి జీతంలో 80 శాతాన్ని, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వమే భరించింది. మన దగ్గర ప్రభుత్వ హామీతో మీకు దొరికినది మరో అప్పు. అందరి క్షేమం కోసం మూసిన దుకాణపు నష్టాన్ని ఒక్క దుకాణదారే మోయడం న్యాయం కాదన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దాన్ని హక్కుగా రాసిన చట్టం మాత్రం నేటికీ లేదు. 1897 నాటి చట్టం లోపభూయిష్టమని, దాన్ని సవరించాలని లేదా కొత్త చట్టం తేవాలని 2024లో లా కమిషన్ తన 286వ నివేదికలో సిఫార్సు చేసింది. మీ వర్తక సంఘం వినతిపత్రం ఇవ్వదలిస్తే పరిహారం, గడువు, సమీక్ష అనే మూడింటినీ ఆ కొత్త చట్టంలో చేర్చమని అడగండి.

ప్రశ్న: 2020 మార్చిలో హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేయించారు. పోలీసులిచ్చిన పత్రం పట్టుకొని సొంత ఊరికి వస్తే గరికపాడు దగ్గర ఆపేశారు. మన దేశంలో, మన రాష్ట్రంలోకి మనల్నే రానివ్వకపోవడం రాజ్యాంగం ఒప్పుకుంటుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పటమట, విజయవాడ

జవాబు: దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగంలోని 19(1)(డి) అధికరణం ఇచ్చినది. ప్రజా ప్రయోజనం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని అదే అధికరణంలోని ఐదో నిబంధన చెబుతుంది. కాబట్టి పరిమితి పెట్టడం దానికదే రాజ్యాంగ విరుద్ధం కాదు, సహేతుకంగా ఉందా అన్నదే చూడాలి. అమ్మా, మీ విషయంలో సహేతుకత ఎక్కడ దెబ్బతిన్నదో స్పష్టంగానే కనిపిస్తోంది: ఒక ప్రభుత్వపు పోలీసులు వెళ్లమని పత్రమిచ్చారు, మరో ప్రభుత్వపు పోలీసులు అది చెల్లదన్నారు, మధ్యలో నిలబడినవారికి వెనక్కి వెళ్లడానికి హాస్టల్ లేదు. గుంటూరు జిల్లా పొందుగుల దగ్గరా ఇదే జరిగింది. వచ్చినవారిని పరీక్షించి, ఇంట్లోనో కేంద్రంలోనో పద్నాలుగు రోజులు విడిగా ఉంచితే వ్యాధి నివారణ ప్రయోజనం నెరవేరేది. తక్కువ బాధతో పని జరిగే మార్గం ఉండగా ఎక్కువ బాధ పెట్టే మార్గాన్ని ఎంచుకోకూడదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 2017 నాటి వ్యక్తిగత గోప్యత తీర్పులోనూ గుర్తించింది.

ఇందులో అధికారాల పేచీ కూడా ఉంది. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం, కానీ రాష్ట్రాల మధ్య క్వారంటైన్ కేంద్ర జాబితాలోని 81వ అంశం. అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఉంది. అందువల్ల సరిహద్దు దగ్గర ఎవరి మాట చెల్లాలో తేల్చవలసింది కేంద్రమే. 2020 ఆగస్టులో రాష్ట్రాల మధ్య రాకపోకలను అడ్డుకోవద్దని, ప్రత్యేక అనుమతులు అడగవద్దని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పింది. అయినా విజయవాడ, హైదరాబాద్ మధ్య ఆర్టీసీ బస్సు నవంబరు 2 దాకా తిరగలేదు. అందుకు కారణం వైరస్ కాదు, ఎవరి బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న రెండు ఆర్టీసీల బేరం. ఆ నెలల్లో ప్రైవేటు ట్రావెల్స్‌కు ఎంత చెల్లించారో మీకే బాగా గుర్తుండాలి.

2021 మే నెలలో జరిగినది ఇంకా దారుణం. హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపి, పడక దొరికినట్టు ముందే అనుమతి ఉంటేనే వదిలారు. ఆ ఉత్తర్వును మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది. రోగిని చికిత్స నుంచి ఆపే ఆంక్షకు ప్రజారోగ్యం పేరు పెట్టడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

ప్రశ్న: మా అమ్మాయి చైనాలో వైద్యవిద్య చదువుతూ సెలవుకు వచ్చి రెండేళ్లకు పైగా ఇక్కడే చిక్కుకుపోయింది. దేశాలు ప్రయాణాలను నిషేధిస్తే జబ్బు నిజంగా ఆగుతుందా?
— ఒక తండ్రి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చాలా తక్కువ సందర్భాల్లో, అదీ చాలా ముందుగా, చాలా గట్టిగా మూస్తేనే. 2020 జనవరిలో వూహాన్‌కు రాకపోకలు ఆపడం వల్ల చైనాలోని మిగతా ప్రాంతాల్లో వ్యాప్తి 3 నుంచి 5 రోజులు మాత్రమే ఆలస్యమైందని అదే ఏడాది వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కగట్టింది. ఇతర దేశాలకు పాకడం మాత్రం ఫిబ్రవరి మధ్య దాకా బాగా తగ్గిందని కూడా అదే చెప్పింది. చుట్టూ సముద్రం ఉన్న న్యూజిలాండ్ 2020 మార్చి 19న సరిహద్దులు మూసి, టీకాలు వచ్చేదాకా మరణాలను అతి తక్కువకు పరిమితం చేయగలిగింది. అక్కడ కూడా సొంత పౌరులు తిరిగి రావడానికి క్వారంటైన్ గదులను లాటరీ పద్ధతిలో కేటాయించిన తీరు వారి హక్కులకు అన్యాయంగా భంగం కలిగించిందని ఆ దేశపు హైకోర్టు 2022లో తేల్చింది.

వైరస్ లోపలికి వచ్చేశాక తలుపులు మూయడం వల్ల ఒరిగేది తక్కువ. 2021 నవంబరు నెలాఖరులో ఒమిక్రాన్ రకాన్ని గుర్తించి వెంటనే ప్రపంచానికి చెప్పిన దక్షిణాఫ్రికాకు అనేక దేశాలు విమానాలు ఆపేశాయి. అప్పటికే ఆ రకం ఖండాలు దాటింది. నిజం చెప్పిన దేశాన్ని శిక్షిస్తే మరోసారి ఏ దేశమైనా త్వరగా చెబుతుందా? అదే ఏడాది మే 3 నుంచి 15 వరకు, భారత్ నుంచి వచ్చే తన పౌరులకే ఐదేళ్ల దాకా జైలు అని ఆస్ట్రేలియా బెదిరించింది. అంత మాత్రాన మనం ఉదారంగా ఉన్నామనుకోనక్కరలేదు. షెడ్యూలు ప్రకారం నడిచే అంతర్జాతీయ విమానాలను భారత్ 2020 మార్చిలో ఆపి, 2022 మార్చి 27న గానీ పునరుద్ధరించలేదు; మధ్యలో నడిచినవి ప్రత్యేక ఒప్పందాల విమానాలే.

మీ అమ్మాయి విషయంలో జరిగినదానికి వైద్యపరమైన సమర్థన మొదటి కొన్ని నెలలకే ఉంటుంది. పరీక్ష చేసి, క్వారంటైన్‌లో ఉంచి అనుమతించే అవకాశం ఉండగా, 2020 మార్చి 28న మూసిన తలుపును విద్యార్థుల కోసం 2022 ఆగస్టు దాకా తెరవకపోవడం పరిపాలనా సౌలభ్యం తప్ప మరొకటి కాదు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లోని 43వ అధికరణం ప్రకారం, ప్రయాణికులను గణనీయంగా అడ్డుకునే అదనపు చర్యలు తీసుకున్న దేశం 48 గంటల్లోగా శాస్త్రీయ కారణాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలి, మూడు నెలల్లోగా సమీక్షించాలి. నిబంధన చక్కగానే ఉంది. పాటించని దేశాన్ని ఏం చేయాలన్నదే అందులో లేదు.

ప్రశ్న: కొత్త మహమ్మారి ఒప్పందం వల్ల ఇకమీదట ప్రపంచ ఆరోగ్య సంస్థే మన దేశంలో లాక్‌డౌన్ పెట్టగలదని, టీకాలు బలవంతంగా వేయించగలదని వాట్సాప్‌లో వస్తోంది. నిజమేనా?
— బ్యాంకు ఉద్యోగి, బెంజ్ సర్కిల్, విజయవాడ

జవాబు: నిజం కాదు. 2025 మే 20న ఆమోదం పొందిన ఆ ఒప్పందంలోనే, ప్రయాణికులను నిషేధించమని గానీ, టీకా తప్పనిసరి చేయమని గానీ, లాక్‌డౌన్ అమలు చేయమని గానీ దేశాలను ఆదేశించే అధికారం ఆ సంస్థకు లేదని స్పష్టంగా రాసి ఉంది. వ్యాధికారక నమూనాల పంపకంపై అనుబంధం ఖరారై, కనీసం 60 దేశాలు ధ్రువీకరించాకే ఒప్పందం అమల్లోకి వస్తుంది. 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన సవరించిన ఆరోగ్య నిబంధనలు వేరు. వాటిలో ‘మహమ్మారి అత్యవసర స్థితి’ అని ప్రకటించే ఏర్పాటు కొత్తగా చేరింది, అప్పుడు కూడా ఆ సంస్థ ఇచ్చేవి సిఫార్సులే.

ఇక టీకాల విషయంలో మన సుప్రీంకోర్టు 2022 మే 2న, జాకబ్ పులియెల్ కేసులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరంపై వ్యక్తికున్న హక్కు 21వ అధికరణంలో భాగమని చెప్పింది. అదే తీర్పులో ప్రభుత్వ టీకా విధానాన్ని అసమంజసమనలేమని, ప్రజారోగ్యం దృష్ట్యా సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని కూడా చెప్పింది. మొదటి సగమే వాట్సాప్‌లో తిరుగుతుంది.

ప్రశ్న: అమ్మవారి గుడి మూసి మద్యం దుకాణాలు తెరిచారు. ఇదెక్కడి శాస్త్రం?
— గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అది ఆరోగ్యశాస్త్రం కాదమ్మా, ఖజానా లెక్క. 2020 మే 4న మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి, రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెంచారు, క్యూలో ఎడం పాటించినవారు అరుదు. ఇంద్రకీలాద్రిపై దర్శనాలు మళ్లీ మొదలైనది జూన్ రెండో వారంలో. మూసిన మండపంలో ఎక్కువసేపు గుమికూడటం బయటి వరుస కంటే ప్రమాదకరమన్నది నిజమే కాబట్టి, ఆలయాలను తర్వాత తెరవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణాన్ని ఎవరూ ప్రజలకు విడమరచి చెప్పలేదు.

ప్రశ్న: ఒక్కడి వల్ల మా వీధులన్నీ రెడ్ జోన్ అయ్యాయి. అలాంటివారి పేర్లు బయటపెట్టి శిక్షించి ఉంటే అందరూ జాగ్రత్తపడేవారు కదా?
— చిరు వ్యాపారి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: 2020 ఏప్రిల్‌లో మీ ప్రాంతంలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాట ఆడటం వల్ల 24 మందికి వైరస్ సోకిందని అధికారులు ప్రకటించిన సంగతి మీ మనసులో ఉన్నట్టుంది. ఆ ప్రకటన జాగ్రత్త చెప్పడానికే అయినా, దాని ఫలితం రెండు వైపులా ఉంది. వీధంతా వేలెత్తి చూపుతుందని తెలిసినవాడు జ్వరం వస్తే మాత్ర వేసుకొని దాస్తాడే తప్ప పరీక్షకు రాడు. దాచిన కేసు నుంచే గొలుసు పెరుగుతుంది. పైగా లాక్‌డౌన్‌లో సరుకు మనకు చేరింది లారీ డ్రైవర్ల వల్లే. వారిని రోడ్డు మీదకు పంపి, తిరిగి వచ్చాక విడిగా ఉండటానికి చోటు చూపించనిది వ్యవస్థ. వీధిని దిగ్బంధం చేసినప్పుడు ఇంటింటికీ పాలు, కూరలు, మందులు చేర్చిన వలంటీర్లు, ఆశా కార్యకర్తలు ఆంక్షను భరించదగినదిగా చేశారు. జనం మాట వినేది అలాంటప్పుడే.

ప్రశ్న: బడులు అంత కాలం మూయడం అవసరమా? మా తరగతిలో అక్షరాలు మరిచిపోయిన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.
— ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, మంగళగిరి

జవాబు: ఆంక్షలన్నింటిలోనూ నేను గట్టిగా తప్పుపట్టేది దీన్నే. 2020 మార్చిలో మూసినప్పుడు పిల్లలకు ఈ జబ్బు ఎంత ప్రమాదమో తెలియదు. అప్పుడు మూయడం సబబే. వేసవి గడిచేసరికి పిల్లల్లో తీవ్ర అనారోగ్యం చాలా అరుదని తేలింది. డెన్మార్క్ ఏప్రిల్ 15నే చిన్న పిల్లల బడులు తెరిచింది. మనం నవంబరులో పై తరగతులతో మొదలుపెట్టి, 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూసి, ఆగస్టు 16న తెరిచాం. అంటే చదవడం అప్పుడే నేర్చుకోవలసిన పసివాళ్లు అందరికంటే ఎక్కువ కాలం బడికి దూరమయ్యారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారమయ్యాయి గానీ, ఇంట్లో ఒకే ఫోను ఉండి దాన్ని తండ్రి పనికి పట్టుకుపోయే కుటుంబానికి, పక్కన కూర్చొని దిద్దించేవారు లేని ఇంటికి అవి ఏపాటి సాయం? పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో, 2022లో, దేశం మొత్తమ్మీద రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 20.5 శాతం మాత్రమే. 2018లో వారు 27.3 శాతం.

ఒక విషయంలో మన రాష్ట్రాన్ని మెచ్చుకోవాలి. 2022 జనవరిలో ఒమిక్రాన్ కేసులు పెరుగుతున్నా, తెలంగాణ నెలాఖరు దాకా సెలవులిచ్చినా, ఇక్కడ సంక్రాంతి కాగానే బడులు తెరిచారు. విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఆ నిర్ణయం సరైనదని నా నమ్మకం. మీ తరగతిలోని పిల్లల వంటివారికి వయసును బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి రోజూ కొంతసేపు విడిగా నేర్పే పద్ధతి బాగా పనిచేస్తుందని మన దేశంలో జరిగిన ప్రయోగాలే చూపాయి; మీ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, రోజుకు ఒక గంట అలా కేటాయించగలరేమో చూడండి.

ప్రశ్న: 2020 ఏప్రిల్‌లో బండి మీద మందులకు వెళ్తే మా తమ్ముడిపై 188 సెక్షన్ కింద కేసు రాశారు. ఇప్పుడు ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడ్డు వస్తుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: ముందుగా ఆ కేసు ఏ దశలో ఉందో తెలుసుకోండి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికి కోర్టు దాకా వచ్చిందో లేదో చూడండి. అధికారి జారీచేసిన ఉత్తర్వును మీరడం నేరమని చెప్పే భారత శిక్షాస్మృతి 188 కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. (2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ వచ్చింది గానీ, 2020 నాటి ఘటనకు పాత సెక్షనే వర్తిస్తుంది.) ఏడాదికి మించని జైలుశిక్ష ఉన్న నేరాన్ని ఏడాదిలోగా కోర్టు విచారణకు స్వీకరించాలని పాత నేర విచారణ స్మృతి 468వ సెక్షన్ గడువు పెట్టింది, ఆలస్యాన్ని తగిన కారణంతో మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, ఇన్నేళ్ల తర్వాత అది తేలిక కాదు. అదీగాక, 188 కింద విచారణ జరగాలంటే ఉత్తర్వు జారీచేసిన అధికారి గానీ ఆయన పై అధికారి గానీ కోర్టుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 195వ సెక్షన్ చెబుతోంది. పోలీసుల ఛార్జిషీటు ఒక్కటే సరిపోదు. చాలా లాక్‌డౌన్ కేసులు నిలవనిది ఇక్కడే. విపత్తు నిర్వహణ చట్టంలోని 51వ సెక్షన్ కూడా కలిపి రాసి ఉంటే, దానికీ 60వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫిర్యాదు నియమమే ఉంది.

పాస్‌పోర్టు చట్టం అడ్డు చెప్పేది క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగులో ఉన్నప్పుడు. కోర్టు స్వీకరించని ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉంటే దాన్ని పెండింగు కేసుగా చూడకూడదు. కోర్టులో కేసు ఉన్నా, ఆ కోర్టు అనుమతితో పాస్‌పోర్టు పొందే వీలు కేంద్ర ప్రభుత్వపు 1993 నాటి ప్రకటన కల్పించింది. ఉద్యోగ దరఖాస్తులో కేసు గురించి అడిగితే దాచవద్దు. చిన్న కేసు కంటే దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది. గడువు దాటిన కేసును కొట్టివేయించడానికి హైకోర్టులో పిటిషన్ వేయవచ్చు. ఖర్చు భరించలేకపోతే గుంటూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. ఆదాయ పరిమితికి లోబడినవారికి న్యాయవాదిని ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఆ రోజు మందులు కొన్న చీటీ, డాక్టరు రాసిన కాగితం దొరికితే వాటి నకళ్లు కూడా జతచేయండి.